ఎల్-వన్ దొరగారికి బిట్రగుంట సెల్లు రిపేరువాడి దండాలు

మహారాజశ్రీ ఎల్-వన్ గారి సముఖానికి,

బిట్రగుంట స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకుని బతుకుతున్నవాణ్ని. తమరు నన్ను ఎరగరు. నేను మాత్రం తమరిని రోజూ తలుచుకుంటాను. సర్కారు వారు కుర్చీ కొన్నా ఫోను కొన్నా టెండరు కవర్లు విప్పి, అందరికంటే తక్కువ రేటు రాసినవాణ్ని ముందు నిలబెట్టి, ఎల్-వన్ అని పిలిచి ఆర్డరు చేతిలో పెడతారు. మంత్రులు మారతారు, ఆఫీసర్లు మారతారు, పథకాల పేర్లు మారతాయి. తమరు కదలరు. అందుకే ఈ అర్జీ కలెక్టరు గారి గ్రీవెన్సులో వెయ్యకుండా నేరుగా తమరికే రాసుకుంటున్నాను.

ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. మా ఊళ్ళో ఒకప్పుడు రైల్వే వారి స్టీమింజన్ల షెడ్డు ఉండేది. ఆ పొగతోపాటే ఊరి వ్యాపారమూ చాలావరకు పోయింది. ఇప్పుడు నాకు నాలుగు డబ్బులు కళ్లజూపిస్తున్నది తమరే. ఎండలో తిరిగి పనిచేసే ప్రతి మనిషి చేతా ఫోను పట్టించారు. ఇవ్వగలిగినచోట ఇచ్చారు, లేనిచోట సొంత ఫోనులోనే కానివ్వమన్నారు. అంగన్‌వాడీ టీచరుకు పోషణ్ ట్రాకర్ యాప్. సచివాలయం వ్యవసాయ సహాయకుడికి పంటల నమోదుకు ఈ-క్రాప్ యాప్. ఉపాధి పనుల మేటుకు 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తప్పనిసరి అయింది. రోజుకు రెండు సార్లు కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. పని ఎండలో, ఫోనేమో నీడపట్టున కూర్చునేవాళ్ల కోసం చేసింది. ఈ రెంటికీ పొంతన కుదరక నా షట్టరు రోజూ లేస్తోంది.

మొన్న ఒక కీమ్యాన్ గారి ఫోను విప్పాను. కీమ్యాన్ అంటే తమరికి తెలియకపోవచ్చు. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట తన బీటు నడుస్తూ, సడలిన క్లిప్పుల్ని కొట్టి బిగించే మనిషి. హీట్ గన్ పెట్టి తెర లేపితే అంచు పొడుగునా కంకర దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. చార్జింగ్ పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. బ్యాటరీ ఉబ్బి తెరను లోపల్నుంచి తోస్తోంది. ఆ చిలుము ఆయన చొక్కా జేబులో చెమటకు పట్టింది. జువ్వలదిన్నె హార్బరు నుంచి వచ్చే ఫోన్లలోనూ, ఇస్కపల్లి ఉప్పు మడుల వైపునుంచి వచ్చేవాటిలోనూ ఇంతకు రెండింతలుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి బ్రష్షుతో రుద్ది, కొత్త చార్జింగ్ బోర్డు వేసి ఇచ్చాను. ఒకసారి తెర లేపాక ఫ్యాక్టరీ వాడు వేసిన జిగురు మళ్ళీ అట్లా కూర్చోదు. కాబట్టి ఆయన మళ్ళీ వస్తాడు. ఈ వృత్తి రహస్యం తమరి దగ్గర దాచడమెందుకు!

ఎండ సంగతి వేరే చెప్పాలి. లక్ష రూపాయల ఫోను అమ్మే యాపిల్ వారే తమ ఫోనును 35 డిగ్రీల లోపు చోట వాడమని రాసుకున్నారు. మా నెల్లూరు జిల్లాలో రోహిణి కార్తెలో 35 డిగ్రీలంటే పొద్దున టిఫిను వేళ. ఉపాధి పనులు జోరుగా సాగేది సరిగ్గా ఆ ఎండల్లోనే. మేటు గట్టు మీద నిలబడి ఫోటో తియ్యబోతే, ఫోను కాగిపోయి కెమెరా తెరవనంటుంది. చెట్టు కిందికి పోయి, కొంగుతో విసిరి, చల్లారాక మళ్ళీ తెరవాలి. వానాకాలం ఇంకో తంటా. తెర మీద నాలుగు చినుకులు పడితే ఏది వేలో ఏది చినుకో దానికి తెలియదు. తనంతట తానే నొక్కేసుకుంటుంది.

పోయిన నెల ఒక అంగన్‌వాడీ టీచరమ్మ పరుగున వచ్చింది. టేక్ హోమ్ రేషన్ ఇవ్వాలంటే ముఖం ఫోటో తప్పనిసరని 2025 జులై 1 నుంచి రూలు కదా. ఆమె ఫోను కెమెరా అద్దం గీతలు పడి మసకబారింది. "అన్నా, సాయంత్రానికల్లా కావాల. ముఖం పట్టడంలా. బాలింత బిడ్డనెత్తుకుని మూడోసారి తిరిగింది, ఈసారి తిట్టి పోయింది" అంది. అద్దం మార్చాను. తెర కూడా పగిలి ఉంది, తెరా టచ్చూ కలిసిన కాంబో మారిస్తే రెండు వేలు అవుద్దన్నాను. నెలకు 11,500 గౌరవ వేతనం ఆమెది. కాసేపు లెక్క వేసుకుని, పగిలింది పగిలినట్టే ఉండనీమని పోయింది.

ఇంతకీ నా భయమేమిటంటే, ఈ మధ్య కొందరు చదువుకున్నవాళ్లు రగ్గడ్ ఫోన్లు, అంటే దెబ్బలకు ఓర్చే గట్టి ఫోన్లు కావాలని ఊరికే నోరు పారేసుకుంటున్నారు. దుమ్ము అసలు దూరదట, మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా ఏమీ కాదట; ఐపీ67 అంటే అదేనట. అమెరికా మిలిటరీ వాళ్ల పరీక్షలో కాంక్రీటు మీద ప్లైవుడ్ పరిచి, నాలుగడుగుల ఎత్తునుంచి 26 సార్లు పడేస్తారట: ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు, దేన్నీ వదలరు. చేతి గ్లోవుతో నొక్కినా, తడి వేలితో నొక్కినా పలికే తెర. కొన్నిట్లో బ్యాటరీ మనమే ఊడదీసి మార్చుకోవచ్చు. గూగుల్ వాళ్లు 2018లో ఇట్లాంటి ఫోన్లకు ఒక జాబితా పెట్టి, ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తేనే అందులో చేరుస్తామన్నారు. ఇదంతా జరిగితే నేను షాపు మూసి టిఫిను బండి పెట్టుకోవాల్సిందే.

గట్టి ఫోనంటే ఖరీదైందే కానక్కర్లేదని కూడా వీళ్లు అంటున్నారు. 2003లో వచ్చిన నోకియా 1100ను గుర్తు చేస్తున్నారు. దుమ్ము దూరని కీప్యాడు, జారని పట్టు, నెత్తిన టార్చి; పాతిక కోట్లకు పైగా అమ్ముడైంది. దాని మీద నాబోటివాడు బాగుపడ్డది లేదు.

వాళ్ల లెక్క కూడా వినండి. ఉదాహరణకు తమరి ఫోను 9 వేలనుకుందాం, గట్టి ఫోను 22 వేలు. ఐదేళ్లలో తమరి ఫోన్లు రెండు కావాలి, 18 వేలు. మూడు కాంబోలకు 6 వేలు, రెండు చార్జింగ్ బోర్డులకు వెయ్యి, రెండు బ్యాటరీలకు 1,800. మొత్తం 26,800. గట్టి ఫోనుకు నడుమ ఒక బ్యాటరీ కలిపినా 23,500. పని ఆగిపోయిన పూటలు, రాత్రి కూర్చుని కాగితం చూసి మళ్ళీ ఎక్కించిన వివరాలు, తిరిగి తిరిగి పోయిన బాలింతలు ఇందులో కలపనే లేదు.

తమరు భయపడకండి. ఆ 26,800లో ఖజానా నుంచి పోయేది 18 వేలే. మిగతా 8,800 టీచరమ్మ పర్సులోంచి నా గల్లాపెట్టెలోకి వస్తాయి. ఫైలులో వాటికి కాలమ్ లేదు. ఖజానా వరకే చూస్తే 22 వేల కంటే 18 వేలే చవక కదా! తమరు ఎప్పటికీ గెలుస్తూనే ఉంటారు, ఏ ఆడిటు పార్టీ వచ్చినా తప్పు పట్టలేదు.

ఒక్క మాట మాత్రం నా కడుపులో గుచ్చుతోంది. సర్కారుకు దీర్ఘకాలపు లెక్క తెలియదనడానికి లేదు. మా ఊరి పట్టాలే చూడండి. చెక్క స్లీపర్లు పోయి కాంక్రీటువి వచ్చాయి. మీటరుకు 52 కిలోల పట్టా తీసి 60 కిలోలది వేస్తున్నారు. మొదట ఖర్చు ఎక్కువైనా ఏళ్ల తరబడి నిలుస్తుందని తెలిసే ఆ పని చేశారు. నేల మీద పరిచేదానికి ఆ లెక్క వేస్తారు; మనిషి చేతిలో పెట్టేదానికి మాత్రం తమరినే పిలుస్తారు. కేంద్ర ఆర్థిక శాఖ వారి కొనుగోళ్ల మాన్యువల్లో కూడా వస్తువు మొత్తం ఖర్చు చూడాలన్న మాట ఉందట. 2021 అక్టోబరులోనైతే నాణ్యతకు 30 శాతం దాకా మార్కులు వెయ్యొచ్చని ఉత్తర్వు వచ్చిందని విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీరా చూస్తే అది పనులకూ సేవలకూ మాత్రమే గాని వస్తువులకు కాదట. బతికిపోయాం.

మహారాష్ట్రలో 2021లోనే అంగన్‌వాడీ వాళ్లు సర్కారిచ్చిన ఫోన్లను మూటలుగట్టి ఆఫీసుల్లో తిరిగిచ్చేశారు. 2 జీబీ ర్యామ్ ఫోనులో యాప్ తెరుచుకోకపోతే ఏం చేస్తారు పాపం! అట్లాంటి బుద్ధి ఇక్కడివాళ్లకు పుట్టకుండా చూడండి.

ఒకవేళ ఈ రగ్గడ్ వాళ్ల పోరు పడలేక తమరు దిగి రావాల్సి వస్తే, దారి ఒకటుంది. మామూలు ఫోనుకు రబ్బరు తొడిగి మిలిటరీ గ్రేడు అని స్టిక్కరు వేసినవి దొరుకుతాయి. ఆ మిలిటరీ పరీక్షకు సర్టిఫికెట్టు ఇచ్చే ఆఫీసంటూ లేదు, ఎవరి పరీక్ష వాళ్లే చేసుకుంటారు. ఆ సరుకులో తక్కువ రేటు తప్పకుండా తమరిదే.

టెండరులో మాత్రం మూడు ముక్కలు రాయనివ్వకండి. ఐదేళ్ల వారంటీ అని ఒకటి. పగిలినా తడిసినా కంపెనీదే పూచీ అని ఇంకోటి. రిపేరుకిచ్చిన రోజు చేతిలో వేరే ఫోను పెట్టాలని మూడోది. ఇవి పడ్డాయంటే కంపెనీవాడు తన డబ్బు మిగుల్చుకోవడానికైనా తనంతట తానే గట్టి ఫోను తెస్తాడు. అప్పుడు తమరే రగ్గడ్ అయిపోతారు, నాకేమో కాంబోల కోసం రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీటుకు పోయే పని తప్పుతుంది.

ఇట్లు,
తమరి చలవతో అద్దె కడుతున్న
సెల్లు రిపేరు షాపువాడు,
స్టేషన్ రోడ్డు, బిట్రగుంట.