టోపీరాయుడు

1980ల తొలి ఏళ్లలో ఇంగ్లండులోనో అమెరికాలోనో ఇంటికి కంప్యూటర్ కొనితెచ్చిన పెద్దమనిషి ఇంట్లోవాళ్లకు చెప్పిన కారణాలు ఇంచుమించు ఒకటే: ఇంటి ఖర్చులు రాసుకోవచ్చు, పిల్లల చదువుకు పనికొస్తుంది, వంటల వివరాలు దాచుకోవచ్చు. ఆయన అబద్ధమాడాడని అనలేం. అమ్మినవాళ్లు ఆయనకు చెప్పిందీ అదే. కానీ వారం తిరక్కుండానే ఆ యంత్రం చేసిన పని చూడండి. నల్లటి తెర మీద చుక్క తర్వాత చుక్క పేర్చి, ఒక రాత్రంతా కూర్చుని, వెడల్పాటి అంచున్న మెక్సికో టోపీ ఒకటి గీసింది. అప్పటి నుంచి ఎన్ని యంత్రాలు మార్చినా, కొత్తదాని మీద ఆయన మొదట గీసేది ఆ టోపీనే. ఈయనకు టోపీరాయుడని పేరు పెడుతున్నాను. ఈయన గురించి వ్యాప్తిలో ఉన్న అభిప్రాయాలు రెండు. గణితమంటే ప్రాణమని ఒకటి, ఎక్కడో కళాకారుడు దాగున్నాడని ఇంకొకటి. రెండూ ఆయన స్వయంగా వ్యాప్తి చేసినవే. నా వాదన వేరు. ఆయనకు కావలసింది కాచుక్కూర్చోడం. ఊరికే కూర్చుంటే ఇంట్లో ఊరుకోరు కాబట్టి, దానికో గౌరవప్రదమైన కారణం కావాలి. ఆ కారణం పేరే టోపీ.

సాక్ష్యానికి అటారీ 8-బిట్ యంత్రాల మీద ఊరేగిన ఒక బుల్లి బేసిక్ ప్రోగ్రాం చాలు. పేరు ‘ఆర్కిమిడీస్ స్పైరల్’. గీసేది స్పైరల్ కాదు; ఆర్కిమిడీస్ గారు వచ్చి చూసినా ఇది తనదని అనుకోరు. నడిమధ్య నుంచి ఎంత దూరమో చూసి, దాన్ని కోణంగా మార్చి, సైన్ కట్టి, అంతకు మూడింతల కోణం సైన్‌లో 0.4 వంతు కలిపి, వచ్చిన విలువను ఎత్తుగా పెట్టుకుంటుంది. సూత్రం అంతే. ఫలితం నడినెత్తిన గుంట పడ్డ టోపీ. 320 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు ఉన్న తెర మీద సుమారు 29 వేల చోట్ల ఈ లెక్క కట్టాలి. ఒక్కో చోటికి ఒక వర్గమూలం, రెండు సైన్‌లు. కట్టవలసిన ప్రాసెసర్ 6502. దానికి గుణకారం చెయ్యమనే ఆజ్ఞే లేదు, కూడికలతో నెట్టుకురావాలి. అందుకే గంటల తరబడి పడుతుంది. ఇంతా చేసి టోపీకి ఎడమవైపు ఎలా ఉంటే కుడివైపూ అలాగే ఉంటుంది. ఒక పక్క కట్టిన విలువనే రెండో పక్కకూ వాడుకుంటే సైన్‌ల పని సగానికి తగ్గుతుంది. పదో తరగతి పిల్లవాడికి తోచే ఈ చిట్కా ఆ లిస్టింగులో లేదు. కుడివైపు అంతా మళ్లీ మొదటి నుంచి, ఎడమవైపు ఏం జరిగిందో తెలియనట్టే, కట్టుకుంటూ పోతుంది. తొందర ఉన్నవాడు రాసే ప్రోగ్రామా ఇది?

అందులో 4.71238905 అనే సంఖ్య ఒకటి ఉంటుంది. వృత్తాల లెక్కలో వచ్చే ‘పై’ విలువకు ఒకటిన్నర రెట్లు కావాలి అది. నిజానికి 4.71238898 ఉండాలి, చివరి మూడంకెలు తప్పు. బొమ్మలో ఒక్క చుక్కకు కూడా తేడా రాదు, అది వేరే సంగతి. కానీ ఆ ప్రోగ్రాం ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వలస పోయినప్పుడల్లా ఆ మూడంకెలు కూడా మూటాముల్లె సర్దుకుని వెంట వెళ్లాయి. గణితమంటే ప్రాణమన్నవాడి చెయ్యి అక్కడ ఆగదా? (తొమ్మిది అంకెలూ ఇలా అప్పజెబుతున్న వ్యాసకర్త ఎలాంటివాడని మీరడగొచ్చు. ఆ ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు.)

గణితం కోటాలో ఆయన పక్షాన చెప్పగలిగిందంతా చెప్పుకుందాం. ఒక్క టోపీయేనా, ఇంకా చాలా గీశాడే అంటారు. నిజమే. ఎక్స్ వర్గంలోంచి వై వర్గం తీసేస్తే గుర్రపు జీను వస్తుంది. దాన్ని గీశాడు. మూడు పల్లాలతో వచ్చే కోతి జీను గీశాడు. కోతికి రెండు కాళ్లతోపాటు తోక వేలాడేయడానికి కూడా చోటు కావాలి కాబట్టి లెక్కల పుస్తకాలే ఆ పేరు పెట్టాయి. రెండు దిక్కుల్లోనూ సైన్ అలలు కలిపి గుడ్ల అట్టపెట్టె గీశాడు. ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం ఇచ్చి, మళ్లీ టోపీ దగ్గరికే వచ్చాడు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం నడినెత్తిన ఉంది. టోపీలో మరో రకానికి, దూరపు సైన్‌ను దూరంతోనే భాగించాలి. సరిగ్గా మధ్యలో దూరం సున్నా. సున్నాతో భాగించమంటే యంత్రం మొరాయించి తప్పు చూపిస్తుంది. అక్కడ విలువ 1కి చేరుతుందని కాలిక్యులస్ తొలి పాఠాల్లోనే ఉంది, ఎందుకు చేరుతుందన్నది అందమైన విషయం కూడా. టోపీరాయుడు దూరానికి 0.001 కలిపి గండం గట్టెక్కి, టీ పెట్టుకోడానికి లేచి వెళ్లాడు. ఆయన పూర్వీకులు ఇలా చెయ్యలేదు. పందొమ్మిదో శతాబ్దపు చివర జర్మనీలో లుడ్విగ్ బ్రిల్ (డార్మ్‌ష్టాట్), ఆయన తర్వాత మార్టిన్ షిల్లింగ్, ఇలాంటి ఉపరితలాలను తెల్లటి ప్లాస్టరుతో పోతపోసి విశ్వవిద్యాలయాలకు అమ్మేవారు. ప్లాస్టరు మీద వంపుల గీతలు చెక్కి ఉండేవి. ఆచార్యులు వాటిని వేలితో చూపిస్తూ పాఠం చెప్పేవారు. గోటింగెన్‌లో అవి ఇప్పటికీ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. టోపీరాయుణ్ణి తన ఉపరితలం మీద ఎక్కడ వంపు ఎక్కువని అడిగి చూడండి. “ముందు పూర్తి కానివ్వండి” అంటాడు.

కళాకారుడనే వాదనకు అంత సమయం అక్కర్లేదు. కళాకారుడైతే రంగు వేస్తాడు. సింక్లెయిర్ స్పెక్ట్రంలో ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడికి రెండే రంగులు పడతాయి, మూడో రంగు తగిలితే గడి మొత్తం పాడవుతుంది కాబట్టి ఆయన నలుపు తెలుపులోనే ఉండిపోయాడు. సరే, పేదరికం అనుకుందాం. తర్వాత 4096 రంగులు చూపించగల అమీగా వచ్చింది. దాని మీద ఏం గీశాడు? ఇంద్రధనుస్సు రంగుల టోపీ. యంత్రం మారింది, తల మాత్రం అదే. కళాకారుడైతే బొమ్మను గోడకు తగిలిస్తాడు కూడా. స్పెక్ట్రానికి తగిలించుకోగల చిన్న ప్రింటర్ అల్యూమినియం పూత కాగితం మీద నిప్పురవ్వలతో పూతను కాల్చి అచ్చువేసేది. ఆ వెండి కాగితపు టోపీలు సొరుగు దాటి బయటికి వచ్చింది, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే.

ఇప్పుడు నా వాదనకు గట్టి దెబ్బ తగిలే చోటికి వద్దాం. కాచుక్కూర్చోడమే ఆయనకు కావాలంటే, దాన్ని తగ్గించుకోడానికి అన్ని తంటాలు ఎందుకు పడ్డాడు? పడ్డ మాట వాస్తవం. 1981లో వచ్చిన జడ్‌ఎక్స్81లో ఫాస్ట్ అనే ఆజ్ఞ ఉంది. అది ఇస్తే యంత్రం తెరకు బొమ్మ పంపడం మానేసి, దాదాపు నాలుగింతల వేగంతో లెక్క కట్టుకుంటుంది. అటారీలో 559 అనే మెమరీ చిరునామాలో సున్నా పెడితే తెర చీకటైపోయి లెక్క వేగం పుంజుకుంటుంది. అంటే బొమ్మ తొందరగా చూడాలనుకున్నవాడు బొమ్మ గీస్తున్నంతసేపూ బొమ్మను చూడకూడదు. టోపీరాయుడు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇది తొందర కాదా అంటే, కాదు. తెర వెలుగుతుంటే ఎదురుచూపు అందరిదీ. పిల్లలు వచ్చి తొంగిచూస్తారు, భార్య “ఇంకా ఇంతేనా?” అంటుంది. తెర చీకటైతే లోపల ఏదో జరుగుతోందని తెలిసినవాడు ప్రపంచంలో ఆయనొక్కడే. యంత్రం పనిచేస్తోందో, బిగుసుకుపోయిందో ఆయనక్కూడా తెలియదు. అయినా పాలు పొంగేదాకా పొయ్యి ముందు నిలబడ్డ ఇల్లాలిలా కదలడు. పైగా ఆ రోజుల్లో వీటిలో చాలా యంత్రాలకు విడిగా తెర ఉండదు, ఇంటిల్లిపాదికీ ఉన్న టీవీకే తగిలించాలి. బ్రిటన్‌లో ఆ టీవీలో ‘కొరొనేషన్ స్ట్రీట్’ రావలసిన వేళకు నల్లటి చీకటి వస్తుంటే, అందులో ఒక టోపీ తయారవుతోందని ఇంటిల్లిపాదినీ నమ్మించాలి. అంతసేపు నమ్మకం నిలబెట్టినవాణ్ణి గణితజ్ఞుడనడం ఆయన అసలు ప్రతిభను తక్కువ చెయ్యడమే.

ఈ జాతి మన దగ్గర అప్పట్లో ఎందుకు పెద్దగా పెరగలేదన్నదానికీ ఇందులోనే జవాబుంది. బీబీసీ మైక్రో యంత్రాలు 1984 ప్రాంతంలో క్లాస్ పథకం కింద మన దేశంలోని కొన్ని బడులకు వచ్చాయి. వేగంలో అవి ఆనాటి మేటి యంత్రాలే, టోపీకి అడ్డేమీ లేదు. కానీ బడిలో యంత్రం ముందు కూర్చోడానికి వంతులుంటాయి. వెనక వరసలో పిల్లలు నిలబడి ఉండగా చీకటి తెర ముందు రాత్రంతా కూర్చునే హక్కు ఎవరికీ ఉండదు. టోపీరాయుడు పుట్టాలంటే సొంత యంత్రం, సొంత టీవీ, అడిగేవాళ్లు అలిసిపోయిన ఇల్లు కావాలి.

మిగిలింది ఆయన ఎప్పుడూ ఆఖరి అస్త్రంగా దాచుకునే వాదన: నేటి యానిమేషన్ పరిశ్రమ అంతా మా టోపీ లోంచే వచ్చింది. ఇందులో సగం నిజముంది, ఆ సగానికి చేతులు జోడించాల్సిందే. అటారీ ప్రోగ్రాం టోపీని వెనక నుంచి ముందుకు గీసుకొస్తుంది. ఒక చుక్క పెట్టగానే దాని కిందున్నదంతా తెర అడుగు దాకా చెరిపేస్తుంది. ముందున్న అంచు వెనకున్న గీతలను కప్పడం అలా సాధ్యమైంది. యంత్రం శ్రమలో గీయడం కన్నా చెరపడమే ఎక్కువ. ఇలాంటి ఉపాయాలను ఎవరి బోధనా లేకుండా, వంటింటి పక్కగదిలో కూర్చుని ఒంటపట్టించుకున్నవాణ్ణి ఎగతాళి చెయ్యడానికి నోరు రాదు. అంతకు ముందు ఇలాంటి బొమ్మ కావాలంటే విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటర్, దాని పక్కన పెన్నుతో గీసే ప్లాటర్ ఉండాలి. 1986లో ఎరిక్ గ్రాహం అమీగా మీద అద్దాల గోళాలు ఎగరేసే గారడీవాణ్ణి ఒక్కో ఫ్రేముకు సుమారు గంట వెచ్చించి తయారుచేశాడు, లోకం నోరు తెరిచింది. ఇదంతా ఒప్పుకున్నాక కూడా నా వాదనే నెగ్గుతుంది, ఎందుకంటే ఆ పరిశ్రమలోనే నాకో సాక్షి ఉన్నాడు. వాయేజర్ నౌకల గ్రహయాత్రలను యానిమేషన్‌గా చూపించిన జిమ్ బ్లిన్ పేరు మీద అక్కడ ఒక సూత్రం చలామణిలో ఉంది: యంత్రాలు ఎంత వేగవంతమైనా ఒక ఫ్రేము గీయడానికి పట్టే సమయం మాత్రం తగ్గదు. వేగం పెరిగితే వెంట్రుకలు పెంచుతారు, నీడలు పెంచుతారు, సమయం మళ్లీ మొదటికి వస్తుంది. పరిశ్రమకు దీనికి వ్యాపార కారణాలున్నాయి. టోపీరాయుడికి ఏ కారణం ఉంది? రెండింతల వేగం వచ్చిన రోజునే ఆయన తన టోపీ మీది గళ్లను రెండింతలు చేశాడు. ఎవరూ అడగలేదు.

ఆయన లోపం ఆయనొక్కడిదే అనుకోకూడదు. మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ తన ముద్రగా పెట్టుకున్నది కూడా ఇలాంటి ఉపరితలమే. ఎల్ ఆకారపు పలుచని పొర ఒకటి కంపిస్తే ఎలా ఉబ్బుతుందో చూపే బొమ్మ. లెక్క ప్రకారం దాని అంచులన్నీ నేలకు అంటుకుని ఉండాలి; ముద్రలో అలా ఉండవు. ఈ సంగతి ఆ సాఫ్ట్‌వేర్‌కు మూలపురుషుడైన క్లీవ్ మోలరే దాచకుండా చెప్పాడు. అందంగా ఉంది కదా అని అలా ఉంచేశారు. ఈ కథ టోపీరాయుడికి మహా ఇష్టం, ఎవరు దొరికినా చెబుతాడు. 4.71238905 ప్రస్తావన మాత్రం తేడు.

ఈ రోజుల్లో ఆయన్ను చూడాలంటే పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్ల దగ్గర చూడాలి. మామూలు ల్యాప్‌టాప్ ఆ టోపీని రెప్పపాటులో గీసేస్తుంది, ఎమ్యులేటర్‌లో కూడా వేగం పెంచే సదుపాయం ఉంటుంది. ఆయన 100 శాతం దగ్గరే ఉంచుతాడు. అంటే 1982లో ఎన్ని గంటలు పట్టిందో ఇప్పుడూ అన్నే. నిజాయితీ కోసమట. అయినా ల్యాప్‌టాప్ మూత వేస్తే అది నిద్రపోతుంది, విండో మూలకు తోసేస్తే ఇంటిల్లిపాదికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఎదురుచూపులో పూర్వపు బరువు లేదు. ఆ లోటు తీర్చడానికే కాబోలు 3డీ ప్రింటర్ వచ్చింది. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ టోపీ పోసుకోడానికి అది కొన్ని గంటలు తీసుకుంటుంది, ఇల్లంతా వినబడేలా గుర్రుమంటుంది, మధ్యలో ఆపితే మొత్తం వృథా. పొర మందం 0.2 మిల్లీమీటర్ల నుంచి 0.1కి తగ్గిస్తే సమయం రెట్టింపవుతుంది. ఆయన తగ్గిస్తాడు.