ఉలవ పాలు పితికే విధానం

హుజూర్‌నగర్‌లో పాలకు కరువు లేదు. తెల్లారేసరికి బర్రె పాలు గుమ్మంలోకి వస్తాయి, రాకపోతే కిరాణం ఫ్రిజ్‌లో ప్యాకెట్లు ఉంటాయి. అలాంటి ఊళ్లో ఎవరికైనా ఉలవలతో పాలు చేయాలని బుద్ధి పుట్టిందంటే దానికి కారణం ఫోన్‌లో చూసిన వీడియోయే. పాలు అరగని వాళ్ల సంగతి వేరు, వాళ్ల బాధ నిజమైనది. ఈ విధానం మిగతా ఉత్సాహవంతుల కోసం.

ముందుగా ఉలవలు సంపాదించాలి. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు వచ్చాక ఈ ప్రాంతం వరి మాగాణి అయిపోయింది. రేషన్‌లో సన్నబియ్యం ఇచ్చే పథకం 2025 మార్చి 30న, ఉగాది రోజు, ఈ ఊరి నుంచే మొదలైంది. ఉలవలది మరో లోకం. వానలు మొహం చాటేసిన ఏడు ఎర్ర చెల్కల్లో చివరి ఆశగా చల్లే పంట అది. కిలో కొన్నవాళ్లు అందులో పావుగంట సేపు రాళ్లు ఏరాలి. ఉలవ, ఎర్రమట్టి గడ్డ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి ఈ పనికి మంచి కళ్లద్దాలు అవసరం. రాయి మిస్సయితే మిక్సీ బ్లేడే చెబుతుంది.

రాత్రి ఉలవలు నానబోసేటప్పుడు ఇంట్లో పెద్దావిడ కంట పడకుండా చూసుకోవడం ముఖ్యం. పడితే సంభాషణ ఇలా నడుస్తుంది:

“ఏంది బిడ్డా, గుడాలకా?”

“కాదు నాయనమ్మా, పాలకు.”

“పాలకైతే బర్రెకు పెట్టాలె గానీ మిక్సీల ఏస్తవా?”

ఈ మాటకు జవాబు వెతకకుండా పడుకోవడం మేలు. తెల్లారి నానబోసిన నీళ్లు పారబోయాలి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కొంత వాటితోనే పోతాయి. మిగిలిన ‘కొంత’ ఎక్కడికి పోతుందో సాయంత్రానికి ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

అసలు చిక్కు రుబ్బేటప్పుడు మొదలవుతుంది. పప్పుగింజను పచ్చిగా రుబ్బితే అందులోని ఎంజైములు గింజలోని కొవ్వుతో కలిసి పసరు వాసన పుట్టిస్తాయి. సోయా పాలను చాలాకాలం వేధించింది ఈ వాసనే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1967లో దీనికి విరుగుడు చెప్పారు: 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లతో రుబ్బితే ఎంజైములు పని మొదలుపెట్టకముందే చచ్చిపోతాయి. సోయాకు ఈ కిటుకు చక్కగా పనిచేసింది. సోయా గింజలో దాదాపు 40 శాతం ప్రోటీన్, 20 శాతం నూనె ఉంటాయి, గంజిపొడి దాదాపు ఉండదు. ఉలవలో సగానికి పైగా పిండిపదార్థమే. వేడినీళ్లు తగలగానే అది ఉబ్బి, వడకట్టే గుడ్డ కన్నాలన్నీ మూసేస్తుంది. చల్లగా రుబ్బితే వాసన, వేడిగా రుబ్బితే బంక. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట. వేడినీళ్ల మిక్సీ మూత ఎగిరి కప్పుకు తగలడం అదనం.

చల్లదారిన పోయినవాళ్లకు పాత పంచె గుడ్డలో పిండితే లేత గోధుమరంగు ద్రవం దొరుకుతుంది. పొడి వేయకముందే చాయ్ రంగు వచ్చేసిందని సంతోషించవచ్చు. పచ్చిగా మాత్రం తాగకూడదు. పచ్చి ఉలవలో ప్రోటీన్‌ను అరగనీయని పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తేనే వాటి పీడ విరగడవుతుంది. ఉడికించబోతే పొంగు రాదు, చిక్కబడుతుంది. అయిదు నిమిషాలు గరిటె వదిలేసి ఫోన్ చూసుకున్నవాళ్లు పాల గిన్నెలో జావ చూస్తారు. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి చిటికెడు కలిపితే జావ పలచబడుతుంది, కాస్త తీపి కూడా ఎక్కుతుంది. అప్పుడది రాగిమాల్ట్‌కు వేలువిడిచిన చుట్టం. పాలవైపు బంధుత్వం ఇంకా తేలలేదు.

లెక్క కూడా చూడాలి. వంద గ్రాముల ఉలవల్లో ప్రోటీన్ సుమారు 22 గ్రాములు. వాటితో లీటరు పాలు చేస్తే, గుడ్డలో ఒక్క చుక్కా మిగలకపోయినా లీటరుకు 22 గ్రాములే. ఆవు పాలలో 32 వరకూ ఉంటుంది, బర్రె పాలలో ఇంకాస్త ఎక్కువ. ఉలవలో కొవ్వు వందకు అర గ్రాము మాత్రమే కాబట్టి మీగడ ప్రస్తావన తేకపోవడం మర్యాద. కాలిఫోర్నియాలో 2014లో పుట్టిన రిపుల్ కంపెనీ పసుపు బఠాణీలతో పాలు చేసి అమ్ముతోంది. అయితే అక్కడ బఠాణీ నుంచి ప్రోటీన్‌ను విడిగా తీసి, నూనె, కాల్షియం కలుపుతారు. దానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు కొదవ లేదు గానీ అవన్నీ సిమెంటువి.

మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐ శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు ఈ దారిలో నడిచారు. పల్లీల ప్రోటీన్‌తో ‘మిల్టోన్’ అనే పానీయం చేశారు. అందులో పశువుల పాలు కూడా కలిపారు. తెలివైనవాళ్లు, బర్రెను పూర్తిగా సెలవు మీద పంపలేదు. 1912లో పాలు మానేసిన గాంధీ కూడా 1918లో మంచానపడ్డాక చివరికి మేకపాలకు రాజీపడ్డారు.

పాలు కుదిరాయని ఎవరైనా సీసాల్లో పోసి అమ్మబోతే ఇంకో చిక్కు. మొక్కల నుంచి తీసిన పానీయానికి పాలు అనే పేరు పెట్టి అమ్మకూడదని 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ గట్టిగా చెప్పింది. కొబ్బరిపాలకు మినహాయింపు ఉంది. ఈ విషయంలో తెలుగు భాష ముందే నేరం చేసి కూర్చుంది. జిల్లేడుకు పాలున్నాయి, మర్రికి పాలున్నాయి, హుజూర్‌నగర్ పొలాల్లో ఏటా వరి కంకి పాలు పోసుకుంటుంది. లేబుల్ అంటించనంత కాలం ఎవరూ పట్టించుకోరు.

చాయ్‌లో పోసి చూడాలనే పట్టుదల కొందరికి పోదు. పోస్తే కొంత విరుగుతుంది, కొంత అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లకు ఉలవచారు వాసన వస్తుంది. అది ఉలవచారుకే వదిలేస్తే బాగుండే వాసన. చింతపండు పిసికి, పోపు పెట్టి అన్నంలోకి వాడుకునే అవకాశం ఆ క్షణం దాకా చేతిలోనే ఉంది, అల్లం, చక్కెర పడేదాకా.

గుడ్డలో మిగిలిన పిప్పితో వడలు చేయమని వీడియోలు చెబుతాయి. చేస్తే నూనె దండిగా తాగుతాయి. పక్క వీధిలో బర్రె ఉన్న ఇంటికి తీసుకుపోతే పని తేలిక. ఉడికించిన పిప్పిని తౌడుతో పాటు కుడితిలో కలిపితే బర్రె తల ఎత్తకుండా నాకేస్తుంది. మిగిలిపోయిన ముప్పావు లీటరు ‘పాలు’ కూడా అందులోనే పోయవచ్చు. వెళ్లేటప్పుడు ఖాళీ గిన్నె ఒకటి వెంట ఉంచుకోవాలి, పాలు పితికేది అయిదు గంటలకు.