ఎవరికీ తెలియని గుండు

తాడు లేకుండా, కింద పరుపు వేసుకుని గుండ్లెక్కే ఆటను బౌల్డరింగ్ అంటారు. ఎక్కడం కన్నా ఘనకార్యం, ఎవరికీ తెలియని గుండును కనిపెట్టడం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఇది బహు సులువు. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లో ఇంకాస్త ఎక్కువో వచ్చి, దారిలో ఎవరినీ ఏమీ అడక్కుండా ఉంటే చాలు, ప్రతి గుండూ తెలియని గుండే.

అన్వేషకుడు మొదట సున్నపురాయిని వెతుకుతాడు. ఫ్రాన్సు, స్పెయిన్ కొండల వీడియోలు చూసి వచ్చాడు మరి. ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఉన్నది గ్రానైటు, నైసు. వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. సున్నపురాయి కావాలంటే తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు పోవాలి. అక్కడ నీరు రాయిని కరిగించి బెలుం గుహలను తొలిచింది. ఆ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ కనిపెట్టాడంటారు. బౌద్ధ సన్యాసులు అందులో కాపురముండి వెళ్ళి అప్పటికే శతాబ్దాలైంది. కనిపెట్టడంలో ఈ సంప్రదాయం పాతదే.

కరిగే రాతిలో వేళ్ళు దూరే బొక్కలుంటాయి. గ్రానైటు పొరలు పొరలుగా ఊడి గుండ్రబడుతుంది, గరుకు మాత్రం పోదు. పట్టంతా అరచేతిదీ బూటు అడుగుదీ. అయినా కొన్ని గుండ్ల మీద వరసగా, కొలిచి పెట్టినట్టు, వేళ్ళకు సరిపోయే గుంతలు కనిపిస్తాయి. ప్రకృతి వరమని అన్వేషకుడు పట్టు జారకుండా వాటికి తెల్లపొడి పూస్తాడు. అవి ఉలిదెబ్బలు. ఆ గుంతల్లో చీలలు దిగ్గొట్టి బండను చీల్చడం విజయనగర కాలం నాటి రాతిపనివాళ్ళ పద్ధతి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధానే పెనుకొండకు తరలింది. రాజధాని కాపురం చేసిన కొండ మీద మనిషి చెయ్యి పడని రాయి దొరకడమంటే మాటలా! లేపాక్షిలో అయితే మరీ అన్యాయం: ఎవరో ముందే చూసేసి ఒక గుండును నందిగా, ఇంకొకదాన్ని ఏడు పడగల నాగుగా చెక్కేశారు.

తర్వాత నామకరణం. గుండుకొక ఇంగ్లీషు పేరు, పక్కన ఎక్కడం ఎంత కష్టమో చెప్పే, వీ0 నుంచి పైకి పోయే కొలతలో ఒక అంకె. దాని అసలు పేరు మేకల కాపరికి తెలుసు. ఏ వైపు నుంచి ఎక్కితే సులువో, ఏ నెర్రెలో తేనెతుట్టె ఉందో, ఏ గవిలో ఎలుగుబంటి పడుకుంటుందో కూడా తెలుసు. అడిగితే చెబుతాడు. చెబితే ఇక కనిపెట్టడానికేం మిగులుతుంది?

చివరిది గోప్యత. హంపికి పట్టిన గతి అందరికీ గుర్తే; 2003లో అమెరికా క్లైంబర్ క్రిస్ శర్మ అక్కడి గుండ్లెక్కిన చిత్రం వచ్చింది, ప్రపంచమంతా దిగింది. అందుకని ఇక్కడి ఫొటో కింద ఊరి పేరు రాయరు. వెనకాల పెనుకొండ కోట బురుజు మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంటుంది. పూసిన పొడిని తుడిచి పోవడం ఈ శాస్త్రంలో ఇంకా చేరలేదు. వాన కడుగుతుందిలే అన్న ధీమా కాబోలు. అనంతపురం సీమలో ఏడాదంతా కలిపి పడేది అటూఇటూగా 550 మిల్లీమీటర్లు, అదీ పడితే.