చాట్ గదులు మూసేటప్పుడు వినకూడని సలహాలు

ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు పదేళ్లు నడిచిందంటే చాట్ సర్వీసులు నాలుగైదు పోగుపడతాయి. మొదట ఐఆర్‌సీ చానెల్, తర్వాత గిట్టర్, ఆపైన స్లాక్, మధ్యలో ఎవరో ఉత్సాహంగా తెరిచిన టెలిగ్రామ్ గ్రూపు, చివరికి మాట్రిక్స్. ఉన్న మనుషులు కొద్దిమందే, గదులు మాత్రం బోలెడు. కొన్నింటిని మూయక తప్పదు. ఆ మాట ఎత్తగానే సలహాలు మొదలవుతాయి. వినడానికి సబబుగానే ఉంటాయి గానీ, పాటిస్తే ప్రాజెక్టును మోస్తున్నవాళ్లే దూరమవుతారు.

1. “మెసేజ్‌లు లెక్కపెట్టండి, తక్కువున్నది తీసేయండి.”

ఈ లెక్క ఒక్కటే నమ్ముకోకండి. ఉబుంటు ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి విడుదలవుతుంది. ఇలా ఆరునెలల పద్ధతిలో నడిచే ప్రాజెక్టుల్లో విడుదల పనుల కోసం పెట్టుకున్న గది నెలల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండొచ్చు. విడుదల వారం వచ్చేసరికి అదే ఆయువుపట్టు. అనువాదకుల గదీ అంతే. తెలుగు వంటి భాషల్లో ఆ పని చేసేది గుప్పెడుమంది. వాళ్లు రోజూ కబుర్లు చెప్పుకోరు, ఏదో ఒక మాట దగ్గర చిక్కుపడ్డప్పుడు వస్తారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ గది లేకపోతే ఎవరి పని ఆగుతుంది? ఎవరిదీ ఆగదని తేలితే నిస్సంకోచంగా మూయండి.

2. “ఉంటే ఏం పోయింది? ఖర్చేం లేదుగా.”

ఖర్చు ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఖాళీ గదిలో ప్రశ్న వేసి ఎదురుచూస్తారు. జవాబు రాకపోతే ప్రాజెక్టే ఆగిపోయిందనుకుని వెళ్లిపోతారు. మాడరేటర్ లేనిచోట స్పామ్ చేరుతుంది, ఎవరైనా వేధిస్తే అడ్డుకునే దిక్కుండదు. సొంత సర్వర్ అయితే భద్రతా అప్‌డేట్లు ఎవరో ఒకరు జీతం లేకుండా వేస్తూనే ఉండాలి.

ఒక గదిలో రాసింది ఇంకో గదిలోనూ కనిపించేలా చేసే బ్రిడ్జితో రెండు గదుల్నీ కలిపేసి ఊరుకుందామనేదీ ఈ సలహాకు తోబుట్టువే. మాట్రిక్స్‌కూ, లిబెరా చాట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్‌కూ మధ్య ఉన్న బ్రిడ్జిని 2023 ఆగస్టులో తాత్కాలికమంటూ ఆపారు. అది మళ్లీ తెరుచుకోలేదు. దానిమీదే ఆధారపడ్డ గదులు రెండుగా చీలాయి. బ్రిడ్జి వేయండి, కానీ తీసేసే తేదీ కూడా ఆ రోజే చెప్పండి.

3. “ముందే చెబితే గొడవ. మూసేశాక ప్రకటించండి.”

చెప్పకపోతేనే అసలు గొడవ. మొజిల్లా రెండు దశాబ్దాలకు పైగా సొంత ఐఆర్‌సీ సర్వర్ నడిపింది. అక్కడ వేధింపులను అదుపు చేయడం కష్టమనీ, కొత్తవాళ్లకు ప్రవేశమే గగనమనీ గుర్తించి, దాన్ని మూసేస్తామని 2019 ఏప్రిల్‌లో బాహాటంగా చెప్పింది. స్లాక్, రాకెట్‌చాట్, మాటర్‌మోస్ట్, మాట్రిక్స్‌లను పరిశీలించి, డిసెంబరులో మాట్రిక్స్‌ను ఎంచుకుంది. 2020 మార్చిలో పాతది ఆపేసింది. కారణం, గడువు, ప్రత్యామ్నాయం మూడూ జనం ముందున్నాయి. ఆ నిర్ణయం నచ్చనివాళ్లకు కూడా సర్దుకునే వ్యవధి దొరికింది.

చిన్న ప్రాజెక్టుకు అంత గడువు అక్కర్లేదు, ఒక విడుదల నుంచి ఇంకో విడుదల దాకా చాలు. కానీ చర్చను ఒక్క సమావేశంతో ముగించకండి. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే హైదరాబాదులో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. పిల్లల్ని నిద్రపుచ్చుతున్న తల్లి అభ్యంతరం కూడా మీకు చేరాలంటే రాతలో అడగాలి, కనీసం రెండు వారాలు ఆగాలి.

4. “ఎక్కువమంది ఎక్కడుంటే అక్కడికే పోదాం.”

జనం ఉన్నచోటు మన చేతిలో ఉన్నచోటు కాకపోవచ్చు. స్లాక్ మొదట్లో ఐఆర్‌సీ ప్రోగ్రాముల నుంచి కూడా రానిచ్చేది. 2018 మేలో ఆ దారి మూసేసింది. తమకు అలవాటైన ప్రోగ్రాముతో, స్క్రీన్‌రీడర్‌తో పని చేసుకునేవాళ్లకు అది పెద్ద దెబ్బ. 2025 జూన్‌లో కుబెర్నెటీస్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు బృందానికి తమ స్లాక్‌ను ఉచిత స్థాయికి దించుతున్నారన్న కబురు కొద్దిరోజుల ముందే అందింది. తర్వాత ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ రోజుల్లో పడ్డ కంగారు అందరికీ పాఠం. గది ఎంచుకునే ముందే చూసుకోండి: సంభాషణలు బయటికి తీసుకోగలమా? చూపులేనివాళ్లు వాడగలరా? ఫోన్ నంబరు ఇవ్వకుండా చేరవచ్చా? నెట్ నెమ్మదిగా ఉన్నా తెరుచుకుంటుందా?

5. “పాత కబుర్లెందుకు? చెరిపేయండి.”

ఫలానా కోడ్ అలా ఎందుకు రాశారన్నదానికి జవాబు చాలాసార్లు చాట్‌లోనే ఉంటుంది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 2022 నుంచి 90 రోజుల చరిత్రే కనిపిస్తోంది. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని శాశ్వతంగా తొలగిస్తున్నారు. అందుకే మూసే రోజు దాకా ఆగకుండా, ముఖ్యమైన నిర్ణయాలనూ వాటి కారణాలనూ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లోకి ఎక్కించండి. వ్యక్తిగత సందేశాల జోలికి మాత్రం పోకండి. అవి ఎవరివి వాళ్లవే.

6. “టాపిక్‌లో కొత్త చిరునామా పెడితే చాలు.”

చాలదు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నిర్వాహకులు మూకుమ్మడిగా తప్పుకుని లిబెరా చాట్ స్థాపించారు. వాళ్ల వెంట కదిలిన ప్రాజెక్టులు పాత చానెళ్ల టాపిక్‌లో కొత్త చిరునామా రాశాయి. అలా రాసిన వందలాది చానెళ్లను ఫ్రీనోడ్ యాజమాన్యం స్వాధీనం చేసుకుంది. చిరునామా మన చేతిలో ఉన్న చోట్లన్నిటా మార్చండి: రీడ్‌మీలో, సహాయ పేజీల్లో, ఇన్‌స్టాలర్ చివర కనిపించే సందేశంలో. పాత గది పేరును వీలైనంత కాలం మీ పేరునే ఉంచుకోండి.

ఇంత చేసినా కొందరు దారి తప్పుతారు. అందుకే మూయాలని నిర్ణయించినవాళ్లలో ఒకరు తొలి నెల కొత్త గదిలోనే ఉండాలి. పాత గదిలో తరచు కనిపించినవాళ్ల జాబితా దగ్గర పెట్టుకుని, ఎవరు రాలేదో చూసి, వాళ్లకు విడిగా రాయాలి. స్వచ్ఛందంగా పనిచేసే మనుషులే ఈ ప్రాజెక్టులకు ఆస్తి. సర్వర్‌ను ఎప్పుడైనా మళ్లీ పెట్టుకోవచ్చు. అలిగి వెళ్లిపోయిన అనువాదకురాలిని మళ్లీ తెచ్చుకోవడం అంత తేలిక కాదు.