ఎక్స్‌టెన్షన్ బాక్సు అడుగు శాసనానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఆంప్లిఫయరు కొన్నారు, స్పీకర్లు కొన్నారు, వాటికి స్టాండ్లు కూడా కొన్నారు. చివరికి గృహస్థు చేతిలో నాలుగు ప్లగ్గులు మిగిలాయి, గోడకేమో ఒక్కటే సాకెట్టు. అప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సు అవతరిస్తుంది. దాని అడుగున ఉబ్బెత్తు అక్షరాలతో ఒక శాసనం ఉంటుంది, వైరు పొడవునా మరొకటి అచ్చయి ఉంటుంది. అందరిళ్లలోనూ ఉండి, ఎవరూ చదవని గ్రంథం ఇదొక్కటే. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి, మన మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. హైఫై సామగ్రి ప్రకటనలు రాసేవారికి ఆ ఒట్టు లేదు గనుక ఈ టీక అవసరమైంది.

మూలము

240 వో. ~ 6 ఆం. గరిష్ఠం 1440 వా.
3 × 0.75 చ.మి.మీ. 1100 వో. ఐఎస్ 694

తాత్పర్యము

ఓయి గృహస్థా! ఈ పెట్టె మొత్తం మీద ఆరు ఆంపియర్లు మోయును. అంతకు మించి మోపకుము. మూడవ తీగను మరువకుము.

ప్రతిపదార్థము

240 వో. = రెండువందల నలభై వోల్టులు. ఇది పాత పాఠం. నేడు మన దేశంలో ప్రమాణం 230. సాయంత్రం పక్కింటి ఏసీలన్నీ ఒక్కసారి లేస్తే అదీ నిలవదు; కావున ఈ అంకెను నామమాత్రంగానే గ్రహించాలి.

~ = అల వంటి గీత. ఏసీ కరెంటు అని అర్థం, సెకనుకు యాభై ఆవృత్తులు. ఈ చిన్న గీతలోనే అసలు రహస్యం ఉంది. ఆంప్లిఫయరు ఈ అలను ఉన్నదున్నట్టు వాడుకోదు. మామూలు ఆంప్లిఫయరులో ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజీ తగ్గిస్తుంది, నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు తిప్పుతాయి, పెద్ద కెపాసిటర్లు నిల్వ చేస్తాయి. స్పీకరుకు వెళ్లేది ఆ నిల్వలోంచే. గోడ నుంచి కొత్త కరెంటు వచ్చేది అల శిఖరానికి చేరిన ఆ కాస్త సేపే, సెకనుకు వంద సార్లు. కనుక ‘ఈ కేబుల్లోంచి సంగీతం ప్రవహిస్తుంది’ అనే వాక్యం అలంకారశాస్త్రానికి చెందుతుంది గానీ విద్యుత్ శాస్త్రానికి కాదు.

6 ఆం. గరిష్ఠం 1440 వా. = 240ని 6తో గుణించగా వచ్చినది. మీమాంసకుల లెక్కన ఇది నిషేధవాక్యమే, విధివాక్యం కాదు. 1440 వాట్లు వాడి తీరాలని ఎవరూ అనలేదు. ఇంట్లో మామూలు స్థాయిలో పాటలు వింటుంటే ఆంప్లిఫయరు, సీడీ ప్లేయరు, టర్న్‌టేబులు అన్నీ కలిపినా సాధారణంగా రెండు వందల వాట్లు దాటవు. అంటే ఒక ఆంపియరు కూడా కాదు. రాత్రింబవళ్లు వేడెక్కే క్లాస్-ఏ ఆంప్లిఫయరు మూడు వందల వాట్లు తింటే తినవచ్చు, దానికీ ఈ పెట్టె చాలు. ప్రమాదం సంగీతం వల్ల రాదు. ఖాళీగా ఉన్న నాలుగో సాకెట్టు చూసి ఎవరో ఇస్త్రీపెట్టె తగిలిస్తే వస్తుంది.

3 = మూడు తీగలు. ఫేజు, న్యూట్రలు, ఎర్తు. పాత ఇళ్లలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. కొత్త వైరులో గోధుమ, నీలం, పసుపు చార గల ఆకుపచ్చ. ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెండిటి కన్నా పొడవు, లావు. సాకెట్టులోకి ముందుగా వెళ్లేది అదే, ఆఖరున బయటికి వచ్చేదీ అదే.

ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగక తప్పదు. ఆంప్లిఫయరు లోహపు మూత ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని చాలామంది చెబుతారు, ‘మంచి కరెంటు’ అని నవ్వేస్తారు కూడా. చాలాసార్లు దానికి కారణం గోడలోని సాకెట్టుకు ఎర్తు లేకపోవడమే. పరికరంలోని ఫిల్టరు కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు లోహపు డబ్బాకు చేరుతుంది. అది భూమిలోకి పోవాలి. దారి లేక డబ్బా మీద సుమారు సగం వోల్టేజీతో నిలుస్తుంది, ముట్టుకున్నవాడి చేతినే దారిగా ఎంచుకుంటుంది. ఎలక్ట్రీషియన్ టెస్ట్ లాంపు ఒక కాలు ఫేజులో, ఒక కాలు ఎర్తులో పెట్టి చూస్తాడు. బల్బు నిండుగా వెలగాలి. వెలగకపోతే అపార్ట్‌మెంటు కింద ఉప్పూ బొగ్గూ పోసిన ఎర్తు గుంత ఎండి ఉండవచ్చు, లేదా ఆ గదికి మూడో తీగే లాగి ఉండకపోవచ్చు. ఆ స్థితిలో ఎంత ఖరీదైన కేబులైనా రెండు తీగల కేబులే. స్పైకుగార్డులో ఎర్తు వైపు వేసిన రక్షణకు కూడా అప్పుడు పనుండదు.

0.75 చ.మి.మీ. = తీగలోని రాగి అడ్డుకోత వైశాల్యం. హైఫై పరికరాలతో వచ్చే మామూలు కేబుళ్లు ఈ లావులోనో, 1 చ.మి.మీ. లోనో ఉంటాయి. గోడ లోపల సాకెట్టు దాకా వచ్చిన తీగ చాలా ఇళ్లలో 2.5.

1100 వో. = పై తొడుగు ఇంత వోల్టేజీకి తట్టుకోగలదని. అతిశయోక్తిగా వినిపించినా స్వభావోక్తే. ఐఎస్ 694 = పీవీసీ తొడుగు గల వైర్లకు మన దేశపు ప్రమాణ గ్రంథం. ఆ అక్షరాలు లేని వైరు రాగి అని ఎవరన్నా నమ్మనక్కర్లేదు.

ఆక్షేపము

“లావు వైరుతో బేసు లోతుగా వినిపిస్తుంది, వెండి పూసిన దానితో గాయని గొంతు ముందుకొస్తుంది, మరి లక్ష రూపాయల పవర్ కేబుల్ ఊరికే ఉందా?” అని పూర్వపక్షం.

సమాధానము

లెక్క వేద్దాం. 1 చ.మి.మీ. రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 19.5 ఓములు. మీటరున్నర కేబుల్లో రాకపోకలు కలిపి మూడు మీటర్లు, అంటే 0.06 ఓము. శిఖరం దగ్గర ఐదు ఆంపియర్లు లాగినా పడేది 0.3 వోల్టు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఇంటి దాకా వచ్చిన అల్యూమినియం తీగ అంతకు ఎన్నో రెట్లు పోగొట్టిన తర్వాత, చివరి మీటరున్నర మీద ఇంత శ్రద్ధ ఎందుకో పూర్వపక్షి చెప్పాలి.

2004లో అమెరికాలోని బే ఏరియా ఆడియో అభిమానులు కళ్లు మూసినట్టే పరీక్ష పెట్టుకున్నారు. ఒకవైపు సుమారు రెండున్నర వేల డాలర్ల కేబుల్, మరోవైపు డబ్బాతో వచ్చే నల్ల కేబుల్; ఏది తగిలించారో వినేవారికి చెప్పలేదు. 149 జవాబుల్లో 73 సరైనవి. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. టోక్యోలో ఒక న్యాయవాది తన స్టీరియో కోసం సొంత కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు వేయించుకున్నాడని 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. పూర్వపక్షుల్లో తర్కాన్ని చివరిదాకా నడిపినవాడు ఆయనే. కేబుల్ కొని ఊరుకున్నవారు సగం దారిలో ఆగారు.

విశేషములు

పవరు వైపు నుంచి నిజంగా చెవికి వినిపించే దోషాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది హమ్మింగ్. టీవీకి వచ్చే కేబుల్ వైరు ఒకచోట ఎర్తుకు చేరుతుంది, ఆంప్లిఫయరు మరోచోట. రెండిటినీ ఆడియో వైరు కలపగానే చుట్టు పూర్తయి, యాభై హెర్ట్జ్ దానిలో తిరుగుతూ స్పీకర్లో పలుకుతుంది. టీవీ కేబుల్ ఊడదీసి చూస్తే తేలిపోతుంది. వస్తువులన్నీ ఒకే గోడ సాకెట్టుకు, ఒకే బాక్సుకు పెట్టుకోవడం మొదటి మందు. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ తీసుకోవడం రెండోది. ఎర్తు పిన్ను విరగ్గొట్టడం, టూపిన్ అడాప్టరు పెట్టడం కూడా హమ్మింగును ఆపుతాయి. ఆ వైద్యం చేసేవారు తర్వాత ఆంప్లిఫయరును తడి చేత్తో ముట్టుకోకుండా ఉంటే మంచిది.

రెండోది ఫ్యాను. హైదరాబాదులో కోఠి వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే, గుండ్రంగా ఎంతైనా తిప్పగల రెగ్యులేటరు ప్రతి ఆవృత్తిలోనూ కరెంటును తుంచి వదులుతుంది. స్పీకర్లో ‘జ్‌ర్‌ర్’ అంటే ఒకసారి ఫ్యాను ఆపి చూడాలి. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటరు రెగ్యులేటరుకు ఆ గోల ఉండదు. కొన్ని వందల రూపాయల ఈ మార్పు ముందు ఏ పవరు కండిషనరూ నిలవదు. మూడోది ఇన్వర్టరు: చదరపు అలనిచ్చే రకం మీద ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరే గుర్రుమంటుంది. ప్యూర్ సైన్ రకం అయితే ఆ బెడద ఉండదు.

ఇక బాక్సు ఎంపిక. ఏ దేశపు ప్లగ్గునైనా మింగే యూనివర్సల్ రంధ్రాలు అనుమానాస్పదం. అన్నిటికీ సరిపోయేట్టు చేసిన రేకు దేన్నీ గట్టిగా పట్టుకోదు. పట్టు వదులై అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకుందాం. ఆరు ఆంపియర్ల దగ్గర ఆ ఒక్కచోటే పుట్టే వేడి 18 వాట్లు, దాదాపు చిన్న సోల్డరింగ్ ఐరనంత. ప్లగ్గు దూర్చి లాగితే బాక్సే లేచి రావాలి; కొనేటప్పుడు చేయదగిన పరీక్ష అది. బాక్సు వెనక మరో బాక్సు తగిలించడం, మిగిలిన వైరును చుట్ట చుట్టి కార్పెట్టు కింద దాచడం, రెండూ దోషాలే.

పాఠాంతరము

డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో వచ్చిన బంధువు తెచ్చే బాక్సు మీద ‘125 వో.’ అని ఉంటుంది. లోపల సర్జు ఆపే వారిస్టర్లను 120 వోల్టుల దేశానికి లెక్కగట్టి పెట్టారు. అడాప్టరు వేసి మన 230 వోల్టులకు తగిలిస్తే అవి కరెంటునే సర్జు అనుకుని తమ మీదకు తీసుకుంటాయి, పొగతో పేలిపోతాయి. లండన్ బాక్సు మేలు, వోల్టేజీ మనదే. పైగా ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది. కాకపోతే దాని చదరపు పిన్నులు మన గుండ్రటి సాకెట్టులో పట్టవు గనుక, ప్లగ్గు కోసేసి ఎలక్ట్రీషియన్ చేత ఇక్కడి త్రీపిన్ను వేయించుకోవాలి. ఫ్యూజు ఆ కోసిన ప్లగ్గుతో పాటే పోతుంది.