అక్షరాలకు అద్దె

మా కలకత్తా తెలుగు సంఘం జమాఖర్చుల పుస్తకంలో ఉగాది పచ్చడికి పద్దు ఉంది. షామియానాకు ఉంది, మైకుసెట్టుకు ఉంది, ముఖ్య అతిథికి కప్పే శాలువాకు ఉంది, ఆయన దాన్ని కుర్చీలో మరిచిపోతే కొరియర్లో పంపినందుకు కూడా ఉంది. అక్షరాలకు మాత్రం ఏనాడూ పద్దు లేదు. ఆహ్వానపత్రం మీదా, సావనీరు మీదా, బ్యానరు మీదా అక్షరాలు వాటంతటవే వచ్చి కూర్చునేవి. ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు. అడిగేవాడు గరియాహాట్‌లో ఉంటాడనీ, వాడు బెంగాలీ కుర్రాడనీ మేం కలగనలేదు.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అప్పటినుంచీ మా అధ్యక్షులవారికి సంఘం వెబ్‌సైటు మీద బెంగ పట్టుకుంది. ఆ హోదా నిజానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పుణ్యం. అయినా హోదా అంటూ వచ్చాక దానికి తగ్గ ముఖం ఉండొద్దా అని ఆయన వాదన. సైటు పని ఆ కుర్రాడికి అప్పజెప్పి, బాపు గారి చేతిరాతను తలపించే ఫాంటొకటి పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళి ఇచ్చాం. శీర్షికలన్నీ అందులోనే ఉండాలన్నాం. కుర్రాడు ఫైలు తెరిచి చూసి, “దాదా, దీనికి లైసెన్సు ఉందా?” అన్నాడు.

మా కోశాధికారి గారు రైల్వే అకౌంట్సులో పనిచేసి గార్డెన్ రీచ్ ఆఫీసులో రిటైరైన మనిషి. “లైసెన్సేమిటోయ్, అదేమన్నా తుపాకీయా?” అన్నారు. “నాకు ఓనమాలు దిద్దించిన మాస్టారే అడగలేదు, మధ్యలో నువ్వెవడివి?”

కుర్రాడు ఓపికమంతుడు. లేబు చా, అంటే నిమ్మకాయ టీ, తెప్పించి పాఠం మొదలెట్టాడు. ఫాంటు కొన్నామంటే అది మన సొత్తు అయిపోయిందని కాదట. వాడుకునే అనుమతి కొన్నట్టు, అంతే. అందులోనూ రకాలున్నాయి. కంప్యూటర్లో పెట్టుకుని పోస్టర్లు చేసుకోవడానికి ఒకటి, వెబ్‌సైటుకు వేరొకటి, మొబైల్ యాప్‌కు ఇంకొకటి. పోస్టరు వేస్తే అక్షరం బొమ్మ మాత్రమే జనంలోకి వెళ్తుంది. వెబ్‌సైటు సంగతి అలా కాదు, చూసేవాడి ఫోనులోకి ఫాంటు ఫైలే దిగుతుంది. అంటే గడప తొక్కిన ప్రతివాడి చేతిలోనూ ఒక కాపీ పెట్టి పంపుతున్నామన్నమాట. అందుకే చాలా కంపెనీలు నెలకు ఎన్ని పేజీలు చూశారన్న లెక్క మీద రేటు కడతాయి. నెలకు పదివేల వీక్షణలు దాటితే రేటు పెరగవచ్చనేసరికి కోశాధికారి గారు కంగారుపడి పాత సైటు లెక్కలు తీయించారు. చూసినవాళ్ళంతా కార్యవర్గ సభ్యులే, తమ ఫోటో ఎక్కడ పడిందో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. ఆయన కుదుటపడ్డారు. అధ్యక్షులవారు కుంగిపోయారు.

ఇంతకీ మా ఫాంటు ప్రవర ఏమిటంటే, సావనీరు చేసిన డీటీపీ ఆయన ఇచ్చాడు. ఆయనకు విజయవాడలో ఉన్న బావమరిది ఇచ్చాడు. బావమరిదికి ఎవరిచ్చారో బావమరిదికే గుర్తులేదు. పెళ్ళిసంబంధం అంటే మూడు తరాలు ఆరా తీసే మనం, ఆ పెళ్ళి శుభలేఖను మాత్రం ఊరూపేరూ తెలియని అక్షరాలతో అచ్చేయించి పంచుతాం.

“పట్టుకుంటే ఏం చేస్తారు?” అని కోశాధికారి గారు అసలు విషయానికొచ్చారు. కుర్రాడు ఫోనులో చట్టం తీశాడు. మన 1957 కాపీరైటు చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య కృతుల లెక్కలోకే వస్తుంది. మా సంఘంలో కవులు చాలామందే ఉన్నారు, వాళ్ళు రాసేది సాహిత్యమేనా అన్న చర్చ ప్రతి ఉగాదికీ జరిగి తేలకుండానే భోజనాల వేళవుతుంది. ఫాంటు ఫైలు మాత్రం, ప్రోగ్రామని ఒప్పుకుంటే చాలు, కవిసమ్మేళనంలో నిలబడకుండానే సాహిత్యమైపోతుంది. దొంగ కాపీ అని తెలిసి కూడా ప్రోగ్రామును కంప్యూటర్లో వాడితే 63బి సెక్షను కింద కనీసం 7 రోజులు, గరిష్ఠం 3 ఏళ్ళు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారం కోసమో వాడలేదని రుజువైతే కోర్టు జైలు మానిపించవచ్చు. “లాభం లేదని మన ఆడిటరు ప్రతి ఏడూ రాసిస్తూనే ఉన్నాడుగా” అని కోశాధికారి గారు ధైర్యం చెప్పారు. సంఘం నష్టాల గురించి ఆయన అంత గర్వంగా మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు.

ఈ ఊరివాళ్ళకు కాపీరైటు పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. రవీంద్రుడి రచనల మీద హక్కు 1991తో తీరిపోవలసింది. విశ్వభారతి చేతిలోంచి అవి జారిపోతాయని ఇక్కడ గగ్గోలు పుట్టి, 1992లో దేశం మొత్తానికీ గడువు 50 ఏళ్ళ నుంచి 60కి పెరిగింది. 2001 ఆఖరుతో అదీ ముగిసింది. “ఠాకూర్ ఇప్పుడు ఫ్రీ, దాదా. ఆయన్ని చూపించే ఫాంటు ఫ్రీ కాదు” అన్నాడు కుర్రాడు. ఆ లెక్కన నన్నయ గారు వందల ఏళ్ళనాడే ఫ్రీ. ఆయన్ని తెరకెక్కించాలంటే మాత్రం రసీదు ఉండాలి.

లోకంలో అందరూ చేసేదేగా అని అధ్యక్షులవారు అందుకున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇంటర్నెట్టులో దొంగ కాపీలను అరికట్టడానికి ఫ్రాన్సు ప్రభుత్వం హడోపి అనే సంస్థను పెట్టింది. 2010 జనవరిలో ఆ సంస్థ లోగో బయటపెడితే, అందులోని ఫాంటు ఫ్రాన్స్ టెలికాం కోసం పోర్షే అనే డిజైనరు ప్రత్యేకంగా గీసిన ‘బియాంవెన్యూ’ అని తేలింది. ఇంకెవరూ వాడకూడనిది. లోగో మార్చుకున్నారు. ఇంకొకటి ఇంతకన్నా కమ్మనిది. డీవీడీ పెట్టగానే, మీరు కారు దొంగిలించరు కదా, సినిమా మాత్రం ఎందుకు దొంగిలిస్తారు అని గద్దించే ప్రకటన గుర్తుందా? ఆ ప్రచారం తాలూకు పాత పీడీఎఫ్‌ను 2025లో ఎవరో విప్పి చూస్తే, లోపల ఉన్నది యూస్ట్ వాన్ రోసమ్ గీసిన ‘కాన్ఫిడెన్షియల్’ ఫాంటుకు దొంగ నకలు. పైథాన్ భాష పుట్టించిన గైడో వాన్ రోసమ్‌కు ఈయన తమ్ముడు. కారు జోలికి వెళ్ళలేదన్నది మాత్రం నిజమే.

అయితే ఈ విద్యలో కలకత్తాను మించినవాళ్ళు లేరు. మిగతావాళ్ళు ఫాంటును ఎత్తుకెళ్ళారు, ఇక్కడ ఫాంటు చెక్కే మనిషినే ఎత్తుకెళ్ళారు. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం అచ్చయింది. దానికి చార్లెస్ విల్కిన్స్ అక్షరాలు తయారుచేస్తే, ఆయన దగ్గర పనితనం పట్టినవాడు పంచానన్ కర్మకార్, కులవృత్తి కమ్మరం. తర్వాత పంచానన్ కలకత్తాలో సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ కొలువులో ఉండగా, శ్రీరామ్‌పూర్ మిషనరీ విలియం కేరీకి ఆయన మీద కన్నుపడింది. నాలుగు రోజులు పంపండని అడిగి తీసుకెళ్ళి, ఇక వెనక్కి పంపనే లేదని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. కోల్‌బ్రూక్ ఎంత మొత్తుకున్నా ఏం లాభం, శ్రీరామ్‌పూర్ అప్పట్లో డెన్మార్కు వాళ్ళది! 1845లో గానీ ఇంగ్లీషువాళ్ళ చేతికి రాలేదు. సర్వరు విదేశంలో పెట్టుకుని చట్టానికి టోపీ పెట్టడం ఇవాళ్టి తెలివి అనుకునేవాళ్ళు లోకల్ రైలెక్కి ఒకసారి శ్రీరామ్‌పూర్ చూసి రావాలి.

పంచానన్ పోయాక ఆయన అల్లుడు మనోహర్ ఆ విద్య అందుకుని ఏళ్ళ తరబడి ఎన్నో భాషలకు అచ్చులు చెక్కాడు. 1812 మార్చి 11న ప్రెస్సు తగలబడి సీసం అక్షరాలన్నీ కరిగి ముద్దయ్యాయి. కానీ అచ్చుపోసే ఉక్కు పంచీలు బూడిదలో క్షేమంగా దొరికాయి, వాటితో మళ్ళీ పోతపోసుకున్నారు. బ్యాకప్ అంటే అదీ. రెండేళ్ళకే, 1814లో, కేరీ తెలుగు వ్యాకరణం అక్కడ అచ్చయింది. సి.పి. బ్రౌన్ దొర మద్రాసులో ఓడ దిగింది 1817లో. ఈ తేదీలు చెప్పగానే మా అధ్యక్షులవారు నిటారుగా కూర్చుని, “అయితే తెలుగు అచ్చులో బ్రౌన్ కంటే మనమే సీనియర్లం” అని ప్రకటించారు. కుర్రాడు వెంటనే సత్యజిత్ రాయ్‌ని దింపాడు. సినిమాలకు ముందు ప్రకటనల కంపెనీలో పనిచేసిన రాయ్, ఇంగ్లీషుకు ‘రే రోమన్’, ‘రే బిజార్’ లాంటి ఫాంట్లు గీశాడు. బెంగాలీతో పోటీ పెట్టుకుంటే చివరికి రాయ్ వస్తాడు. ఆ తర్వాత మనం టీ తాగాలి, అంతే.

డబ్బు పెట్టకుండా, తప్పు చెయ్యకుండా దారి లేదా అంటే ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు అని ఒకటి. దాని కింద వచ్చిన ఫాంటును ఎక్కడైనా వాడుకోవచ్చు, సైటులో పెట్టుకోవచ్చు, దిద్దుకోవచ్చు, మరో సరుకుతో కలిపి అమ్ముకోవచ్చు కూడా. విడిగా ఫాంటొక్కటే అమ్మకూడదు. లేక్ మార్కెట్లో కూరలతో పాటు కొసరు వేసే కరివేపాకు మాదిరి. ఇంకో షరతు నాకు మరీ నచ్చింది. తయారుచేసినవాళ్ళు పేరును అట్టేపెట్టుకుని ఉంటే, నువ్వు దిద్దిన ఫాంటుకు ఆ పేరు పెట్టకూడదు. మన కావ్య పరిష్కర్తలకు ఈ షరతు ముందే ఉండి ఉంటే, సగం ప్రబంధాలు ఇవాళ పరిష్కర్తల పేర్లతోనే చలామణీ అయ్యేవి.

గూగుల్ ఫాంట్స్‌లో ఇలాంటి తెలుగు అక్షరాల జాబితా తెరవగానే కార్యవర్గం లేచి నిలబడింది. శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, రామరాజ. భువనవిజయం మొత్తం ఒక్క మెనూలో కొలువుతీరి ఉంది. అటుపక్క గురజాడ, గిడుగు, సురవరం. ఇంకోపక్క ఎన్.టి.ఆర్. ఆ పూట చర్చ బయటివాళ్ళెవరైనా వింటే మతి చెడేది. “పెద్దన మరీ సన్నం, తీసెయ్యండి”, “ధూర్జటి హెడ్డింగులకు పనికొస్తాడేమో చూడు”, “రామకృష్ణుణ్ణి పద్దెనిమిది సైజుకు పెంచు”, “రాయలవారిని బోల్డు చెయ్యి”. ఉపాధ్యక్షురాలు ఎన్.టి.ఆర్.కు ఓటేస్తే కొందరు రాజకీయం వద్దన్నారు. గురజాడను ఒప్పుకుంటే గిడుగు ఏమనుకుంటారోనని ఒక పెద్దాయన మథనపడ్డారు. చివరికి ఎవరితోనూ పేచీ లేని ‘మండలి’ నెగ్గింది.

మా సైటులో బెంగాలీ పేజీ కూడా ఉంది. రెండు భాషలకూ ఒకే వాలకం ఉన్న శీర్షిక ఫాంటు కావాలంటే కుర్రాడు ముంబయి ఎక్ టైప్ వాళ్ళ ‘బలూ’ చూపించాడు. అదీ ఉచితమే. అందులో ఒక్కో భాషకూ ఒక్కో వరస పెట్టారు. బెంగాలీది ‘బలూ దా’, అంటే అన్నయ్య. తెలుగుది ‘బలూ తమ్ముడు’. కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. కేరీ తెలుగు వ్యాకరణం తేదీ మళ్ళీ ఎత్తుదామనుకున్నాం గానీ బెంగాలీ వ్యాకరణం తేదీ 1778 అని గుర్తొచ్చి ఊరుకున్నాం.

ఫాంటు దొరికినంత మాత్రాన ఒత్తులు దొరకవు. తెలుగు ఫాంటు ఫైలు బరువు, ఎందుకంటే గుణింతాలూ ఒత్తులూ ఏది దేని కింద ఎలా కూర్చోవాలో చెప్పే సూత్రాలన్నీ అందులోనే ఉంటాయి. సైటు వేగంగా తెరుచుకోవాలని ఎవరో చేసిన పరికరంతో కుర్రాడు ఫైలును చిక్కిస్తే, ఆ పరికరం సూత్రాలు కూడా కోసేసింది. మొదటి పేజీలో ‘స్‌వాగతం’ అని వచ్చింది. అది సరిచేస్తే వరసల మధ్య జాగా చాలక ఒత్తుల కాళ్ళు తెగిపోయాయి. బెంగాలీ అక్షరాలకు తల మీద గీత ఉంటుంది గనక వాడికి పైన చూసుకోవడం అలవాటు, మనకు కింద చూసుకోవాలి. ఇంత చాకిరీ ఇంగ్లీషుకు లేదు. అయితే ఇంగ్లీషుకు మన ‘జ్ఞా’ పాటి శక్తీ లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనపడని సంకేతమొకటి చేరితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ వాళ్ళు హడావుడిగా 11.2.6 విడుదల చేసి గండం గట్టెక్కారు. బెంగాలీలోనూ దేవనాగరిలోనూ అలాంటి కూర్పులకు అదే శక్తి ఉందని తర్వాత తేలింది. ఆ ఒక్క విషయంలో అన్నాతమ్ముళ్ళం సరిసమానం.

అంతా అయిందనుకుంటుండగా కుర్రాడు ఆఖరి చిక్కు విప్పాడు. ఉచిత ఫాంటునే అయినా గూగుల్ సర్వరు నుంచి నేరుగా రప్పిస్తే, సైటు చూసేవాడి ఐపీ అడ్రసు అమెరికా వెళ్తుంది. చూసేవాణ్ణి అడక్కుండా అలా పంపారని 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒక సైటు యజమాని చేత 100 యూరోలు కట్టించింది. ఫైలును మన సర్వరులోనే పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు, లైసెన్సు కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే ఇంకో పూట పని.

“మన సైటును జర్మనీలో ఎవడు చూస్తాడండీ, వదిలెయ్యండి” అన్నారు అధ్యక్షులవారు.

కోశాధికారి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మా అల్లుడు ఉండేది మ్యూనిక్‌లోనే.”

“అల్లుడే కదండీ. మామగారి సంఘం మీద వంద యూరోలకు కోర్టుకెక్కుతాడా?”

“మీకు ఇద్దరూ మగపిల్లలే. మీకేం తెలుస్తుంది?” అని, ఆయన కుర్రాడి చేతిలో ఇంకో పూట పనికి అడ్వాన్సు పెట్టి, రసీదు కూడా అడక్కుండా లేచారు.