తాజా చేప అడక్కండి

సుషీ తినడానికి వెళ్ళేటప్పుడు మన మెట్ట ఊళ్ళలో నేర్చుకున్న జాగ్రత్తలన్నీ ఇంట్లోనే వదిలి వెళ్ళండి. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు, చందర్లపాడు నుంచి బయల్దేరి హైదరాబాదులోనో టోక్యోలోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇది. వంటవాడు తనకు తోచింది ఒక్కొక్క ముక్కగా చేసి చేతికందించే భోజనాన్ని జపాన్‌లో ఒమకాసే అంటారు. అలాంటిది మంచిచోట తినాలంటే అమ్మానాన్నలు చెప్పినదానికి ఎదురు నడవాలి. ఇవన్నీ తలకిందుల సలహాల్లాగే వినిపిస్తాయి. అయినా పాటించండి.

చేప తాజాదా అని అడక్కండి. మొప్పలెత్తి ఎరుపు చూడడం, వేలితో నొక్కి చూడడం, ఇంకా కొట్టుకుంటున్న చేపకు పది రూపాయలు ఎక్కువైనా ఇవ్వడం మనకు అలవాటు. ముక్త్యాల దగ్గర కృష్ణలోనో, కీసర దగ్గర మునేట్లోనో పట్టిన చేపను పులుసు పెట్టుకోవడానికి ఆ పరీక్ష సరైనదే. సుషీకి మాత్రం అది తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడే చచ్చిన సముద్రపు చేప కండ బిరుసుగా ఉంటుంది, రుచి తక్కువ. కండలో రుచి ఊరడానికి కొన్నింటికి గంటలు, కొన్నింటికి రోజులు పడుతుంది. అందుకే జపాన్‌లో మంచి చేపను పట్టగానే మెదడులో మేకు దింపి, వెన్నులోకి తీగ దూర్చి, నెత్తురంతా కార్చేస్తారు. ఆ పద్ధతి పేరు ఇకెజిమె. అలా చంపిన చేప ఆలస్యంగా బిగుసుకుంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. దానికి ఉప్పు రాసో, కొంబు అనే సముద్రపు నాచు ఆకుల మధ్య పెట్టో, చలిలో ఉంచి వంటవాడు పక్వానికి తెస్తాడు. ట్యూనాను వారం పైగా నిలవ ఉంచేవాళ్ళున్నారు.

కాబట్టి "ఈ చేప ఎన్ని రోజులది?" అని అడగండి. అన్ని రోజులు ఎందుకు ఉంచాడో చెప్పగలిగినవాడు దొరికితే అక్కడే కూర్చోండి. "పొద్దున్నే వచ్చింది సార్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేవాడి దగ్గర కూర్చోవద్దు.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. సుషీ మొదట్లో నిలవ తిండే. జపాన్‌లోని బివా సరస్సు పక్కన ఇప్పటికీ చేసే ఫునాజుషీలో చేపను ఉప్పులో ఊరేసి, తర్వాత అన్నంలో కప్పెట్టి నెలల తరబడి పులియబెడతారు. ఇప్పుడు మనం చూసే చేతిముద్ద సుషీ పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో, టోక్యోని ఎదో అని పిలిచిన కాలంలో బజారు తిండిగా వచ్చింది. ఆ వంటకు పేరు తెచ్చినవాడిగా హనాయా యోహే పేరు చెబుతారు. ఐసు లేని రోజులు కనుక చేపను వెనిగర్‌లోనో సోయాలోనో ఊరబెట్టేవారు, లేదా ఉడకబెట్టేవారు. ఊరబెట్టడం రాని వంటవాడికి ఆ విద్యలో సగం రానట్టే.

గడ్డకట్టించిన చేప అనగానే ముఖం తిప్పుకోకండి. పచ్చిగా తినే సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు, అది కడుపులో గుచ్చుకుని విపరీతమైన నొప్పి పెడుతుంది. దాన్ని చంపడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే మార్గాల్లో ఒకటి, చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచడం. ట్యూనానైతే పడవ మీదే మైనస్ 60 దాకా గడ్డకట్టించి తెస్తారు. మన ఇంటి ఫ్రిజ్ పైఅర మైనస్ 18 దగ్గరే ఆగిపోతుంది. అందుకే బజారులో కొన్న చేపను ఇంట్లో గడ్డకట్టించి సుషీ చేసుకుందామన్న ఆలోచన వద్దు.

సముద్రం ఉన్న ఊళ్ళోనే సుషీ బాగుంటుందని కూడా నమ్మకండి. మంచి చేప విమానంలో వస్తుంది. వెతకాల్సింది వంటవాణ్ణి.

వంటవాణ్ణి ఎలా పట్టుకోవాలి? చేపను మరిచిపోయి అన్నం చూడండి. మనకు అన్నమంటే కూరకు తోడు, సుషీలో అసలు పని అన్నానిదే. పొట్టి గింజ బియ్యం వండి, వెనిగర్, ఉప్పు, కొందరైతే కాస్త చక్కెర కలిపి, ఒంటి వెచ్చదనం దగ్గర ఉంచుతారు. నోట్లో పెట్టుకోగానే గింజలు విడిపోవాలి, చేతిలో ఉన్నంతసేపూ విడిపోకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, ముద్దగా ఉన్న అన్నం మీద ఎంత ఖరీదైన ట్యూనా పెట్టినా దండగ. ఎర్ర వెనిగర్ కలిపిన అన్నం కొంచెం గోధుమ రంగులో ఉంటుంది, మాడిందేమోనని కంగారు పడకండి.

ఖరీదైన చేపను బట్టి కూడా చోటు ఎంచుకోకండి. కొవ్వు పట్టిన ట్యూనా పొట్ట ఎవరు పెట్టినా బాగానే ఉంటుంది. కోహాదా అని ఒక చిన్న చేప ఉంది, మన పులసకు దూరపు చుట్టం, వెండిలా మెరుస్తుంది, చవక. దానికి ఉప్పు ఎంతసేపు పట్టించాలి, వెనిగర్‌లో ఎంతసేపు ముంచాలి అన్నది చేప లావునూ కొవ్వునూ బట్టి రోజూ మారుతుంది. టోక్యో పద్ధతిలో వంటవాడి చెయ్యి తెలిసేది అక్కడే. అది బాగుంటే ఆ చోటుకు మళ్ళీ వెళ్ళండి.

నక్షత్రాలు, రేటింగులు చూసి వెళ్ళకండి. టోక్యోలోని గింజాలో సబ్‌వే స్టేషన్‌ను ఆనుకున్న నేలమాళిగలో పది సీట్ల దుకాణం సుకియాబాషి జిరో. 2011లో వచ్చిన డాక్యుమెంటరీతో దాని యజమాని జిరో ఒనో పేరు ప్రపంచమంతా మోగింది. ఏళ్ళ తరబడి మిషెలిన్ గైడ్ మూడు నక్షత్రాలిచ్చింది. 2019లో జాబితాలోంచి తీసేసింది. కారణం మామూలు జనం సొంతంగా సీటు బుక్ చేసుకునే వీలు లేకపోవడం, వంట చెడిపోవడం కాదు. నక్షత్రం వంట ఒక్కదాన్నే లెక్కపెట్టదని ఇంతకన్నా స్పష్టంగా ఏం చెప్పాలి?

పెద్ద మెనూ ఉన్నచోటికి అసలు వెళ్ళకండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ, బిర్యానీ నుంచి నూడుల్స్ దాకా పేజీలకు పేజీలు రాసిన చోట ఆగి తిన్నవాళ్ళకు ఈ సలహా వివరించక్కర్లేదు. బదులుగా నందిగామ, జగ్గయ్యపేట బస్టాండు దరిదాపుల్లో ఏదైనా చిన్న మెస్సులో కూర్చుని సాధన చేయండి. ఇవాళ ఏం కూర అని అడక్కండి. అమ్మగారు గోంగూర వేస్తే గోంగూర, దోసకాయ పప్పు వేస్తే పప్పు. అక్కడ "నాకిది వద్దండీ, అది లేదా?" అనకుండా పూట గడపగలిగినవాళ్ళే ఒమకాసేకి డబ్బు పెట్టండి. ఎంపిక మీ చేతుల్లో ఉండాలనుకునేవాళ్ళకు తిరిగే బెల్టు సుషీ ఉంది. 1958లో ఒసాకా వైపు మొదలైంది, చవక, అందులో తప్పేమీ లేదు.

కుటుంబమంతా కలిసి వెళ్ళకండి. ఇది మనవాళ్ళకు బొత్తిగా నచ్చని మాట అని తెలుసు. కానీ ఆరుగురు బల్ల చుట్టూ కూర్చుంటే కబుర్లు మిగులుతాయి, సుషీ ఆరిపోతుంది. ఒక్కరు, మహా అయితే ఇద్దరు, వంటవాడికి ఎదురుగా కౌంటర్ దగ్గర కూర్చోండి. ముక్క ముందు పెట్టగానే తినండి, ఫొటో కోసం ఆపకండి. మల్లెపూలు, సెంటు ఆ పూటకు మానుకోండి, పక్కవాళ్ళకు చేప వాసన తెలియకుండా పోతుంది. టోక్యోలో చాలాచోట్ల మధ్యాహ్నం భోజనం రాత్రికంటే బాగా చవక, అప్పుడే వెళ్ళండి.

మర్యాద కోసం పుల్లలు పట్టుకుని తంటాలు పడొద్దు. సుషీ ముద్దను చేత్తో తినడం అక్కడా పాత పద్ధతే, మనకు పుట్టినప్పటి నుంచీ ఉన్న విద్య. సోయాలో అద్దాల్సి వస్తే చేప వైపు అద్దండి, అన్నం ముంచకండి. వంటవాడే పైన సాస్ రాసి ఇస్తే అసలు అద్దొద్దు. గుంటూరు కారం తిన్న నాలుకకు చప్పగా అనిపించి వాసాబీ అనే ఘాటైన ముద్ద ఇంకా అడగాలనిపిస్తుంది, ఆగండి. నాలుగైదు ముక్కలయ్యాక రుచి తెలియడం మొదలవుతుంది. మధ్యమధ్యలో అల్లం ఊరగాయ ముక్క నమిలితే నోరు శుభ్రమవుతుంది.

మీ ఇష్టాయిష్టాలు చెప్పాల్సిన సమయం ఒక్కటే, సీటు బుక్ చేసుకునేటప్పుడు. శనివారం నీచు తినరా, కార్తీకమాసమా, రొయ్యలు పడవా, గొడ్డు మాంసం తినరా, అన్నీ అప్పుడే చెప్పండి. కొన్నిచోట్ల మధ్యలో గొడ్డు మాంసం ముక్క కూడా పెడతారు. కూర్చున్నాక చెబితే వంటవాడు ఆ రోజుకు వేసుకున్న వరుసంతా చెడుతుంది, మీకూ పూర్తి భోజనం దక్కదు.

చివరిగా, ఊరికి వచ్చినప్పుడు పులిచింతల నీళ్ళలో పట్టిన చేపతో సుషీ చేసి చూపిస్తామని సరదా పడకండి. ఈ సలహాలన్నీ సముద్రపు చేపకే. మంచినీటి చేపల్లో ఉండే పురుగులు వేరు. కొర్రమీను జాతి చేపను పచ్చిగా తిన్నవాళ్ళకు జపాన్‌లోనే నాథోస్టోమా అనే పురుగు పట్టి, చర్మం కింద పాకి, వాపులు తెచ్చింది. బొచ్చె, శీలావతి, కొర్రమీను, ఏదైనా సరే, మన చేపను పూర్తిగా ఉడికించే తినండి.